శనివారం డ్యూటీ

వారంలో ఆరు రోజులు మా అల్లుడి ఇంట్లో వంట అంటే గుడ్లు ఉడకబెట్టడమే. పొద్దున ఓట్సు, మధ్యాహ్నం ఆకులూ దోసకాయ ముక్కలూ, సాయంత్రానికి డబ్బాలో పొడి. ఆ పొడిని నీళ్ళలో పోసి, సీసా మూత బిగించి, గలగలా ఊపి నిలబడే తాగేస్తారు. ఏడో రోజు శనివారం. ఆ రోజు ఏదైనా తినొచ్చు, ఎంతైనా తినొచ్చు. దానికి చీట్ డే అని పేరు.

మా అమ్మాయి హారిక, అల్లుడు శ్రీహర్ష, మ్యూనిక్‌లోని వాళ్ళ స్నేహితులు కలిసి బరువు తగ్గడానికి ఒక గ్రూపు పెట్టుకున్నారు. ప్రతి శనివారం ఎవరో ఒకరింట్లో అందరూ చేరి తింటారు. నాయకుడు మా అల్లుడే.

నేను మే నెలలో వచ్చాను. హారికకి రెండో కాన్పు. వీసా సమయానికి రాక, నేను వచ్చేసరికి మనవడు అభినవ్‌కి నాలుగో నెల వెళ్ళిపోతోంది. పాలిచ్చే పిల్లకి పెట్టాలని వెల్లుల్లి కారం, శొంఠి పొడి, నువ్వుల ఉండలు, మెంతులు వేసి చేసిన సున్నుండలు, అన్నీ కట్టుకొచ్చాను. హారిక డబ్బాల మూతలు తీసి వాసన చూసింది. మళ్ళీ మూతలు పెట్టేసింది.

"శనివారం తింటానమ్మా. దాచిపెట్టు."

"పిల్లాడు శనివారమే తాగుతాడా పాలు?" అన్నాను.

నవ్వి ఊరుకుంది.

ఒళ్ళు తగ్గించుకోవడం మీద నాకేమీ కోపం లేదు. శ్రీహర్షకి కాలేయంలో కొవ్వు చేరిందని డాక్టరు చెబితే, ఏడాది తిరక్కుండా సగం మనిషి అయ్యాడు. మంచిదే. మెట్లెక్కితే ఆయాసపడేవాడు, ఇప్పుడు పిల్లల బండి భుజాన వేసుకుని యూబాన్ రైలు స్టేషన్ మెట్లు ఎక్కేస్తున్నాడు. నా కోపమల్లా ఆ శనివారం మీద. గురువారం నుంచే ఆ మాటలు మొదలు. ఫోన్లో బొబ్బట్ల బొమ్మలు, గారెల బొమ్మలు. దుకాణానికి వెళ్ళి చాక్లెట్లు కొని, అలమరలో పెట్టి, వాటి ముందు నిలబడి గుటకలు వేస్తారు. శనివారం తెల్లారగానే మొదలుపెడితే ఇక ఆపడం ఉండదు. రుచి చూసి తినేవాళ్ళు ఒక్కరూ ఉండరు. మళ్ళీ ఆరు రోజులు దొరకదేమో అన్నట్టు కుక్కుకుంటారు. సాయంత్రానికి సోఫాల మీద పడి పొట్టలు పట్టుకుని మూలుగుతారు. ఒకరు ఈనో కలుపుకుంటారు. ఇంకొకరు, తిన్నదంతా కరిగించాలని ఇసార్ నది ఒడ్డుకి నడకకి పోతారు. ఆదివారం నీళ్ళూ, పాలు లేని కాఫీ. ఇలా తినడాన్ని తినడం అంటారా? తినకపోవడాన్ని ఉపవాసం అంటారా?

మొదటి శనివారం విక్రాంత్, మనోజ్ఞల ఇంటికి వెళ్ళాం. ఇద్దరిదీ కరీంనగర్ వైపు, ఇద్దరూ ఒకే ఆఫీసు. తలుపు తీసింది రవీంద్రనాథ్ గారు. యాభై దాటిన మనిషి, భార్య విజయనగరంలో ఉద్యోగం. ఇక్కడ ఒక్కడే ఉంటాడు. నడుముకి ఆప్రన్ కట్టుకుని ఉన్నాడు. దాని మీద బొద్దు ఎలుగుబంటి బొమ్మ, పొట్ట మీద చేతులు వేసుకుని.

"రండి రండి, ఈ వారం డ్యూటీ నాది" అన్నాడు నవ్వుతూ.

డ్యూటీ అంటే ఏమిటో భోజనాల దగ్గర అర్థమైంది. శుక్రవారం సాయంత్రం అందరూ ఎవరింట్లో వాళ్ళు తూకం మిషన్ ఎక్కి గ్రూపులో ఫోటో పెడతారు. బరువు తగ్గినవాళ్ళకి శనివారం విందు. పెరిగినవాళ్ళు ఆ ఆప్రన్ కట్టుకుని మిగతావాళ్ళకి వడ్డించాలి. వాళ్ళకి మాత్రం కంచం ఉండదు.

రవీంద్రనాథ్ గారు అందరికీ బిర్యానీ వడ్డించాడు. "సార్, ఇంకో ముక్క వెయ్యండి, మీ వాటా కూడా నేనే తింటా" అని విక్రాంత్ అంటే అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. కళ్ళు మాత్రం అందరి కంచాల మీదా తిరుగుతున్నాయి. నాకు ఆ గదిలో కూర్చోవాలనిపించలేదు. ఆ పూట ఆయన వంటగదిలో నిలబడి కీరా ముక్కలు తిన్నాడు.

తిరిగి వస్తూ రైల్లో హారికని అడిగాను. "పెద్దాయన్ని అలా నిలబెట్టడం ఏమిటే?"

"సరదాకమ్మా. అదొక మోటివేషన్. ఆయనకి లేని బాధ నీకెందుకు?"

"బాధ లేదని ఆయన చెప్పాడా?"

"అమ్మా, అందరం ఒప్పుకునే పెట్టుకున్నాం ఈ రూలు."

ఎదురు సీట్లో శ్రీహర్ష ఈషాని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఈషాకి ఆరేళ్ళు. నా పెద్ద మనవరాలు. నేను తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబు చెబుతుంది. అల్లుడితో నేరుగా వాదించే అలవాటు మా వైపు లేదు. అందుకని కిటికీ వైపు తిరిగాను.

జూన్‌లో హారిక కూడా మళ్ళీ తూకం మొదలుపెట్టింది. కాన్పు తర్వాత కొన్నాళ్ళు ఆపిందట. మిడ్‌వైఫ్ ఇంటికి వచ్చి చూసే రోజుల్లో, పాలిచ్చేటప్పుడు ఇలాంటివి వద్దని గట్టిగా చెప్పిందట. ఆవిడ రావడం ఆగిపోయింది, చెప్పేవాళ్ళు లేరు. నేను చెబితే అది పాతకాలం మాట.

"నాకు ఆఫీసు బట్టలు ఒక్కటీ పట్టట్లేదమ్మా. ఎల్టర్న్‌సైట్ సెలవు అయిపోయి ఆఫీసుకెళ్ళే రోజుకి ఇలాగే వెళ్ళమంటావా?"

"పిల్లాడు పాలు మానాక తగ్గుదువు గాని."

"అప్పటికి ఎక్కడ తగ్గుతాను?"

రెండు వారాలకే తేడా తెలిసింది. పిల్లాడు రొమ్ము పట్టుకుని కాసేపు లాగి, వదిలేసి ఏడ్చేవాడు. హారిక ఇంకో వైపుకి మార్చేది. మళ్ళీ ఏడుపు. బుధవారం పిల్లల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ ఉంటే నేనూ వెళ్ళాను. ఆవిడ పిల్లాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి తూచింది. హారికతో నెమ్మదిగా ఏదో మాట్లాడింది. బయటికి వచ్చాక అడిగితే, పిల్లాడు పెరగవలసినంత పెరగలేదట. తల్లి కడుపునిండా తింటోందా అని అడిగిందట.

"ఏం చెప్పావు?"

"తింటున్నానని చెప్పాను."

ఆ మాట అంటూ పిల్లల బండి తోస్తూ ముందుకి వెళ్ళిపోయింది. పిల్లాడి బరువు పెరగడం లేదని డాక్టరు చెబుతోంది. తల్లి బరువు తగ్గాలని గ్రూపు చెబుతోంది. ఈ రెండూ ఒకే ఒంటి లోంచి రావాలి. ఆ లెక్క ఇంత చదువుకున్న వాళ్ళకి ఎందుకు తట్టడం లేదో నాకు తెలియలేదు. ఆ పూట ఇంటికి రాగానే అన్నం వండి, మునగాకు పప్పు చేసి ముందు పెట్టాను. నాలుగు ముద్దలు తిని, "చాలమ్మా, శుక్రవారం తూకం ఉంది" అని లేచిపోయింది.

శుక్రవారం సాయంత్రం నేను హాల్లో పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చున్నాను. స్నానాలగది తలుపు తీసే ఉంది. హారిక మిషన్ ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది.

"పెరిగింది హర్షా" అంది.

"ఎంత?"

"కొంచెమే. బట్టలు విప్పి ఎక్కనా?"

"రూల్ ప్రకారం ఒకసారే హారీ. ఫోటో తియ్యి."

"పాలున్నాయి కదా ఒంట్లో, అందుకే అయ్యుంటుంది."

"నేను ఎవరికైనా అలాంటి ఎక్స్‌క్యూజ్ ఇచ్చానా? మనోజ్ఞకి ఒంట్లో బాగాలేనప్పుడు కూడా ఇవ్వలేదు. నా వైఫ్ అని వదిలేస్తే రేపు గ్రూపులో నా మాటకి వాల్యూ ఏముంటుంది?"

గొంతు పెంచలేదు. మా అల్లుడు ఎప్పుడూ గొంతు పెంచడు. ఆ మెత్తటి గొంతుతోనే అన్నాడు. హారిక ఫోటో తీసి పంపింది. వెంటనే ఫోన్ టింగు టింగున మోగింది, నవ్వే బొమ్మలు వచ్చినట్టున్నాయి. మర్నాడు విందు మా ఇంట్లోనే.

శనివారాలు నాకు ఒంటిపూట, చీకటి పడ్డాకే భోజనం. మా ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు వెంకన్నకి మొక్కుకున్నాను. ఆయన దక్కలేదు. మొక్కు మాత్రం నేను వదల్లేదు. ఆ రోజు ఖాళీ కడుపుతోనే తెల్లవారుజామున లేచి వంట మొదలుపెట్టాను. పులిహోర, గుత్తి వంకాయ, పెసర గారెలు, మామిడికాయ పప్పు, సేమ్యా పాయసం. శనివారం నేను మాంసం ముట్టను కాబట్టి బిర్యానీ మనోజ్ఞ వండుకొస్తానంది. గారెల వాసనకి కిటికీలన్నీ తీసేసి ఉంచాను. వండుతున్నంతసేపూ ఒకటే అనుకున్నాను. ఇంతమంది ముందు ఈ అబ్బాయి సొంత పెళ్ళాన్ని నిలబెట్టడు. రాత్రి ఏదో మాట వరసకి అన్నాడు. పొద్దున మరిచిపోతాడు.

మధ్యాహ్నానికి అందరూ వచ్చారు. విక్రాంత్, మనోజ్ఞ, రవీంద్రనాథ్ గారు, ఇంకో జంట. టేబులు సరిపోదని హాల్లో దుప్పట్లు పరిచి, ఇండియన్ షాపులో కొన్న కాగితపు విస్తళ్ళు వరసగా వేశారు. రవీంద్రనాథ్ గారు సంచిలోంచి ఆప్రన్ తీసి, ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చానని చెప్పి హారిక చేతికి ఇచ్చాడు. హారిక దాన్ని కట్టుకుంది. వెనక ముడి వేస్తుంటే చేతులకి అందలేదు. శ్రీహర్షే వెళ్ళి ముడి వేశాడు.

"వదినా, నాకు గారెలు గట్టిగ వెయ్యాలె" అన్నాడు విక్రాంత్.

అందరూ కూర్చున్నారు. విస్తళ్ళు లెక్కచూసుకుంటే హారికకి లేదు. లోపల అభినవ్ ఏడుపు మొదలుపెట్టాడు. హారిక ఆప్రన్‌తోనే గదిలోకి వెళ్ళి, పిల్లాణ్ణి భుజాన వేసుకుని వచ్చి, రెండో చేత్తో పులిహోర గిన్నె అందుకోబోయింది. గిన్నె ఒరిగింది. నేను పట్టుకున్నాను.

మా ఆయన పోయిన మరుసటేడు మా ఆడపడుచు కూతురి పెళ్ళికి వెళ్ళాను. భోజనాల దగ్గర ఆడవాళ్ళ వరసలో కూర్చోబోతే, "నువ్వు తర్వాత లోపల తిందువు గాని వదినా" అని మా ఆడపడుచు నా చేతికి నెయ్యి గిన్నె ఇచ్చింది. అందరికీ నెయ్యి వడ్డించాను. ఆకలి వెయ్యలేదు నాకు. అందరి ముందూ ఆకులు వేసి, నాకు ఆకు వెయ్యలేదు. అంతే. ఇన్నేళ్ళయినా ఆ నెయ్యి వాసన నాకు పడదు.

పులిహోర గిన్నె తీసుకెళ్ళి వంటగదిలో పెట్టేశాను. పప్పు గిన్నె, వంకాయ, గారెల పళ్ళెం, అన్నీ ఒకటొకటిగా లోపలికి మోశాను. మూతలు పెట్టాను. అందరూ చూస్తున్నారు.

"ఏమైంది అత్తయ్యగారూ?" అన్నాడు శ్రీహర్ష.

"ఒక విస్తరి తక్కువైంది బాబూ."

"లేదండీ, సరిపోయాయి. హారికది ఇవాళ డ్యూటీ."

"తెలుసు. పంక్తిలో ఒకరికి వేసి ఒకరికి వెయ్యకుండా నేను వడ్డించను. నా చేత్తో వండింది అలా వెళ్ళదు."

హారిక మొహం ఎర్రబడింది. "అమ్మా, ప్లీజ్. పరువు తియ్యకు. నేనే ఒప్పుకున్నాను కదా. నాకు ఆకలి లేదు" అంది.

"నీకు లేకపోతే నీ భుజం మీద ఉన్నవాడికి ఉంది."

శ్రీహర్ష లేచి నా దగ్గరికి వచ్చాడు. నవ్వుతూనే వచ్చాడు. "అత్తయ్యగారూ, మీరు కూడా శనివారం తినరు కదా. తినకుండానే మా అందరికీ వండుతారు, వడ్డిస్తారు. మీరు చేస్తే భక్తి, హారిక చేస్తే తప్పా? ఇదీ ఒక డిసిప్లినే కదండీ."

ఆ మాటకి ఒకరిద్దరు తల ఊపారు. ఇంతకాలం అల్లుడితో ఎదురు మాట్లాడని మనిషిని. ఆ వేళ మాట్లాడాను.

"నేను తినకపోవడం నా ఇష్టం బాబూ. నన్ను తినొద్దని ఎవరూ అనలేదు. ఆకలి ఆగకపోతే ఏ నిమిషమైనా ముద్ద నోట్లో పెట్టుకుంటాను, దేవుడు కూడా వచ్చి చెయ్యి పట్టుకోడు. నా ఉపవాసం చూసి నవ్వడానికి పదిమంది కూర్చోరు. నాకు బొమ్మల గుడ్డ కట్టరు. మీరు దానికి పెట్టింది శిక్ష. ఏం తప్పు చేసిందని? బిడ్డని కని, ఆ బిడ్డకి పాలిస్తోంది. మొన్న డాక్టరు ఏం చెప్పిందో మీకు చెప్పిందా ఇది?"

శ్రీహర్ష హారిక వైపు చూశాడు. "ఏం చెప్పింది?"

హారిక పిల్లాడి వీపు నిమురుతూ నిలబడింది.

"పిల్లాడు పెరగడం లేదని చెప్పింది. తల్లి తింటోందా అని అడిగింది. తింటున్నానని అబద్ధం ఆడింది మీ భార్య. మీ గ్రూపులో మీ మాట పోతుందని ఆడింది."

"అత్తయ్యగారూ, ఇది మా ఇద్దరి మధ్య విషయం. అందరి ముందూ..."

"దాన్ని అందరి ముందూ నిలబెట్టింది నేనా?"

విక్రాంత్ మధ్యలో సర్దబోయాడు. "ఆంటీ, గుస్స గాకండ్రి. సరదాకి వెట్టుకున్న రూలు. ఇయ్యాలటికి బిర్యానీ తింటం, మీరు రెస్ట్ తీస్కోండ్రి. మనోజ్ఞా, గిన్నె తియ్యి."

మనోజ్ఞ కదల్లేదు. తను తెచ్చిన బిర్యానీ గిన్నె మూత మీద చెయ్యి వేసి కూర్చుంది. నేను వచ్చిన దగ్గరినుంచీ ఆ పిల్ల గట్టిగా మాట్లాడగా వినలేదు.

"నేను తియ్య" అంది.

"ఏందే నువ్వు గూడ?"

"మార్చిల నా డ్యూటీ యాదికుందా నీకు? అందరితోని నేను గూడ నవ్విన. ఇంటికి పోయినంక నువ్వు స్నానానికి పోయినవు. నేను వంటింట్ల నిలవడి బ్రెడ్ పాకెట్ మొత్తం తిన్న. జామ్ గూడ లేదు, ఉత్త బ్రెడ్. కళ్ళల్లకెల్లి నీళ్ళు కారుతనే ఉన్నయి, తింటనే ఉన్న. పాకెట్ కవరు నీకు దొర్కద్దని కింద చెత్తల వడేసొచ్చిన."

విక్రాంత్ భార్య వైపు తిరిగాడు. "నాకు చెప్పకపోతివి."

"ఏమని చెప్పాలె? ఫోటో తీసి గ్రూపుల వెట్టాల్నా?"

రవీంద్రనాథ్ గారు ముందున్న విస్తరిని పక్కకి జరిపి పైకి లేచాడు. హారిక దగ్గరికి వెళ్ళి, "అమ్మా, ఆ గుడ్డ నాకిచ్చెయ్యి. నేనే తెచ్చాను, నేనే తీసుకెళ్ళిపోతాను" అన్నాడు. "నేను నవ్వాను కాబట్టే మీరంతా ఇది బావుందనుకున్నారు."

హారిక వెనక ముడి విప్పుకోబోయింది. ఒక చేత్తో రాలేదు. అందరం చూస్తున్నాం, ఎవరం వెళ్ళలేదు. శ్రీహర్ష వేసిన ముడి గట్టిది. తను పిల్లాణ్ణి నాకు అందించి, రెండు చేతులతో లాగి, చివరికి ఆప్రన్‌ని తల మీదుగా తీసేసింది. జుట్టు రేగిపోయింది. భర్త వైపు తిరిగింది.

"నాకు ఆకలేస్తోంది హర్షా" అంది. "ఇరవై రోజుల నుంచి వేస్తోంది. వచ్చే శుక్రవారం నేను మిషన్ ఎక్కను. పిల్లాడు పాలు మానేదాకా ఎక్కను. ఆ తర్వాత ఎక్కినా ఫోటో పెట్టను."

"అలా అయితే గ్రూపు ఎందుకు ఇంక?"

"అది నువ్వు ఆలోచించుకో."

హారిక వెళ్ళి మనోజ్ఞ పక్కన చోటు చేసుకుని కూర్చుంది. మనోజ్ఞ విస్తళ్ళ కట్టలోంచి ఒకటి లాగి హారిక ముందు వేసింది. శ్రీహర్ష బాల్కనీ తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

నేను పిల్లాణ్ణి హారిక ఒళ్ళో వేసి గిన్నెలు మళ్ళీ తెచ్చాను. ముందు హారికకి పెట్టాను. వేడన్నం, పప్పు, నెయ్యి. దాని ఎముకలు తేలిన మణికట్టు చూస్తుంటే, ఈ పిల్లనా బరువు పెరిగిందని నిలబెట్టారు అని మళ్ళీ ఒళ్ళు మండింది. అది ఫోన్ తీసి కేలరీల లెక్క వెయ్యలేదు. కలుపుకుని తింది. మిగతావాళ్ళు కూడా ఆ రోజు ఎందుకో ఎగబడలేదు. విక్రాంత్ రెండే గారెలు వేయించుకున్నాడు, భార్య వైపు చూస్తూ, చూడనట్టు నటిస్తూ.

వరస చివర శ్రీహర్ష విస్తరి ఖాళీగా ఉంది. దాని ముందు నిలబడ్డాను. గరిటె చేతిలోనే ఉంది. అక్కడ వదిలేసి ముందుకి వెళ్ళిపోవాలని నాకు ఎంత అనిపించిందో చెప్పలేను. కాసేపు బయట నిలబడితే తెలుస్తుంది, ఖాళీ విస్తరి ఎలా ఉంటుందో. కానీ ఇందాక అందరి ముందూ నేను అన్న మాట ఒకటి ఉంది. అల్లుడికో మాట, కూతురికో మాట ఉండదు. పులిహోర పెట్టాను. వంకాయ పెట్టాను. గారెలు పెట్టాను.

"ఈషా, మీ నాన్నని పిలు" అన్నాను.

ఈషా పరుగెత్తుకెళ్ళి బాల్కనీ అద్దం మీద అరచేత్తో కొట్టి జర్మన్‌లో భోజనానికి పిలిచింది. "పాపా, ఎస్సెన్!"

అతను వెంటనే రాలేదు. రెయిలింగ్ పట్టుకుని కిందికి చూస్తూ నిలబడ్డాడు. పిల్ల మళ్ళీ కొట్టింది. వచ్చాడు. నా వైపు చూడలేదు. హారిక వైపు చూశాడు, అది తల ఎత్తలేదు, తింటూనే ఉంది. విస్తరి ముందు కూర్చున్నాడు. పులిహోర మీద చెయ్యి పెట్టి, "డాక్టర్ మళ్ళీ ఎప్పుడు రమ్మంది?" అని అడిగాడు.

"బుధవారం" అంది హారిక.

"నేను సెలవు పెడతాను."

హారిక నా వైపు చెయ్యి చాపి పప్పు అడిగింది. నా కోపం తగ్గలేదు. ఆ వారమంతా అతనితో అవసరమైన మాటే మాట్లాడాను. కానీ అప్పుడు మాత్రం హారికకి పప్పు వేసి, అదే గరిటెతో పక్కకి జరిగి, అతనికీ వేశాను.